రూపాయి పెట్టకుండా సిమ్స్ ఫ్రీప్లేలో ఊరు కట్టొచ్చా?

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరంలో డిగ్రీ రెండో ఏడాది, హాస్టల్లో ఉంటూ నెల రోజులుగా సిమ్స్ ఫ్రీప్లే అనే ఫోన్ ఆట ఆడుతున్నావు, బొమ్మ మనుషుల్ని పెంచుతూ వాళ్లకి ఊరు కట్టే ఆట. ఊళ్లో ముగ్గురు మనుషులు, రెండిళ్లు. చేతిలో సిమోలియన్లు, అంటే ఆటలో డబ్బు, ఎప్పుడూ నిల్లు. ఎప్పుడు తెరిచినా ఆకలి, నిద్ర, స్నానం అన్నీ ఎర్రగానే కనిపిస్తున్నాయి. మూడో ఇల్లు మొదలుపెడితే గంటలకి గంటలు ఆగమంటోంది. ఓపిక పట్టలేక ఒకసారి నాన్నగారి కార్డుతో 89 రూపాయలు పెట్టావు, ఆయన కోప్పడ్డారు. పైగా "ఇలాంటి ఆటలు గవర్నమెంటు బ్యాన్ చేసింది కదా" అన్నారు. రూమ్మేటేమో మోడ్ ఫైలు, అంటే ఎవరో మార్చి పెట్టిన దొంగ ఆట, వేసుకుంటే డబ్బులే డబ్బులు అంటోంది. అసలు ఉచితంగా ఆడటం కుదురుతుందా, నేనేం తప్పు చేస్తున్నాను అని అడిగావు.

కుదురుతుంది. నేను 2015 నుంచి ఆడుతున్నాను. ఉండేది పలాస. జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఇంట్లోనే. మొదటి ఏడాది నీలాగే ఓసారి నూటయాభై రూపాయలు పెట్టి, ఆ కొన్నది నలభై నిమిషాల్లో ఖర్చయిపోయాక బుద్ధొచ్చింది. ఆ తర్వాత పైసా పెట్టలేదు. ఇప్పుడు నా ఊళ్లో 27 మంది ఉన్నారు.

నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "క్లాసులు అయ్యాక రాత్రి రెండు గంటలు కూర్చుని ఆడతాను" అన్నావు చూడు, తేడా అక్కడే వస్తోంది. ఈ ఆటకి రెండు గంటలు ఒకేసారి ఇస్తే మొదటి పది నిమిషాల తర్వాత నీకు చేయడానికి పనుండదు. ఆటలో గడియారం మన గడియారంతో సమానంగా నడుస్తుంది. ఆటలో మనుషులు ఆఫీసుకెళ్తే నిజంగానే గంటల తరబడి వెళ్తారు, పడుకుంటే నిజంగానే గంటల తరబడి పడుకుంటారు. పనిలేక కూర్చున్నవాడి చెయ్యి ఊరుకోదు కదా, అప్పుడు పోయి "త్వరగా పూర్తి చెయ్యి" బటన్ మీద పడుతుంది. ఆ బటన్ దగ్గరే ఆట తయారుచేసిన వాళ్లకి వ్యాపారం. మన విసుగుకి రేటు కట్టి అమ్ముతున్నారు.

కాబట్టి ఆటని రోజులోకి విడగొట్టు. నాది చెప్తాను. పొద్దున పాలు పొంగేలోపు, అంటే స్టవ్ దగ్గర నిలబడే ఉంటాను కాబట్టి, ఉద్యోగాలున్న వాళ్లందర్నీ పనికి పంపేస్తాను. ఇంట్లో మిగిలిన వాళ్లకి తోటలో బాగా ఎక్కువ సమయం పట్టే మొక్కలు వేయిస్తాను. ఐదు నిమిషాలు. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఇంకో ఐదు నిమిషాలు: పంట కోయించడం, ఎవరికి ఏది ఎర్రబడిందో అది తీర్చడం. సాయంత్రం ఏడింటికి మా చిన్నాడు హోంవర్క్ చేస్తుంటే పక్కన కూర్చుని ఓ పావుగంట. అసలు ఆట అదే: ఇళ్లు సర్దుకోవడం, ఇద్దరి మధ్య స్నేహం పెంచడం, క్వెస్టులో, అంటే ఆట వరసగా ఇచ్చే పనుల్లో, తర్వాతి మెట్టు చూసుకోవడం. రాత్రి నేను పడుకునే ముందు వాళ్లందర్నీ పడుకోబెడతాను. మొత్తం అరగంట దాటదు. నీ రెండు గంటల కంటే దీనికే ఎక్కువ డబ్బొస్తుంది, ఎందుకంటే నా మనుషులు రోజంతా ఏదో ఒక పని మీదే ఉంటారు. నీవాళ్లు ఇరవై రెండు గంటలు ఖాళీగా నిలబడి, నువ్వొచ్చిన రెండు గంటలూ తిండికీ స్నానానికీ క్యూ కడుతున్నారు.

తోటలో కొన్ని మొక్కలు సెకన్లలో, నిమిషాల్లో వస్తాయి. కొన్నిటికి గంటలు పడుతుంది. నిమిషాల్లో వచ్చేవి లాభం అనిపిస్తుంది గానీ, అంతసేపూ నువ్వే కూర్చుని నొక్కాలి. పరీక్షలున్న పిల్లవి, నీకు అది పనికిరాదు. కాలేజీకి వెళ్లేముందు వేసి వచ్చాక కోసుకునేవే వెయ్యి.

ఇక ఎర్రగా ఉండటం సంగతి. ప్రతి మనిషికీ ఆరు అవసరాలు: ఆకలి, బాత్రూము, నిద్ర, శుభ్రత, నలుగురితో మాట్లాడటం, సరదా. ఆరూ నిండితే ఆ మనిషి "ఇన్‌స్పైర్డ్" అవుతాడు. అప్పుడు చేసిన పనికి డబ్బూ ఎక్కువే, అనుభవం పాయింట్లూ ఎక్కువే. చాలామంది కొత్తవాళ్లు ఏదో ఒకటి ఎర్రబడినప్పుడే చూస్తారు, ఎర్రది కాస్తా పచ్చబడగానే పనికి పంపేస్తారు. ఆరూ నింపి పంపు. రైస్ కుక్కర్‌లో సగం బియ్యం పోసి రెండుసార్లు వండే బదులు ఒకేసారి నిండుగా వండుకోవడం లాంటిది.

నీ రెండో ఇంటి స్క్రీన్‌షాట్ పెట్టావు కదా, దాన్ని పెద్దది చేసి చూశాను. హాల్లో పెద్ద సోఫా సెట్టు, గోడకి మూడు పెయింటింగులు, కిటికీలకి పరదాలు, మూలన ఒక పియానో. పడకగదిలో ఏమో అన్నిటికంటే చవక మంచం. బాత్రూములో అన్నిటికంటే చవక షవర్. మన ఇళ్లల్లో చుట్టాలొచ్చే ముందు గది సర్దినట్టు సర్దావు. ఈ ఆటలో వస్తువులకి నక్షత్రాలు ఉంటాయి, కొనే చోటే కనిపిస్తాయి. నక్షత్రాలు ఎక్కువున్న మంచం మీద నిద్ర త్వరగా తీరుతుంది, మంచి షవర్ కింద స్నానం త్వరగా అవుతుంది. అంటే నువ్వు పెయింటింగుకి పెట్టిన డబ్బు గోడ మీద వేలాడుతోంది. మంచానికి పెట్టి ఉంటే రోజూ తిరిగొచ్చేది. ఆ పియానో అమ్మెయ్యి. అమ్మితే కొన్నంత రాదు, బాధగానే ఉంటుంది, అయినా అమ్మెయ్యి. మంచం, షవర్, టాయిలెట్, ఫ్రిజ్. ఈ నాలుగూ ఇద్దరి ముగ్గురి ఇళ్లల్లో మంచివి పడ్డాక పరదాల గురించి ఆలోచించు.

మూడో ఇంటికి తొందరేం లేదు. ఊరు పెరిగేకొద్దీ కొత్త కట్టడం ఖర్చూ పెరుగుతుంది, పట్టే సమయమూ పెరుగుతుంది. అందుకని రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి మర్చిపో. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గుర్ని ఉంచితే తప్పేం లేదు, పైగా మాట్లాడుకునే అవసరం అక్కడికక్కడే తీరుతుంది. నా మొదటి ఇంట్లో చాన్నాళ్లు నలుగురున్నారు. మా ఆయన చూసి "ఏంటే, హాస్టల్ నడుపుతున్నావా" అనేవాడు.

సిమోలియన్లు కాక ఆటలో లైఫ్ పాయింట్లు అని ఇంకో రకం డబ్బుంటుంది, వాటిని అందరం ఎల్పీ అంటాం. వాటి విషయంలో మాత్రం పిసినారిగా ఉండు. లెవెల్ పెరిగినప్పుడు, కొన్ని గోల్స్ పూర్తయినప్పుడు వస్తాయి, వచ్చేది చాలా కొద్దిగా. వాటితో పనులు తొందరపెట్టడం అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టే. ఆగితే ఊరికే అయ్యే పనికి ఖర్చు పెడుతున్నావు. నేను ఎల్పీ వాడేది ఒక్కచోటే: సిమోలియన్లతో దొరకని వస్తువు, అదీ రోజూ పనికొచ్చేదైతేనే. కుక్కని పెంచు. కుక్కలు నేల తవ్వి డబ్బు తెస్తాయి, అప్పుడప్పుడు ఎల్పీ కూడా తెస్తాయి. తెచ్చినప్పుడల్లా దాన్ని మెచ్చుకోవడం మర్చిపోకు. నాదాని పేరు రాజు. మా అత్తగారు ఆటలో ఎవర్నీ గుర్తుపట్టరు గానీ "రాజుగాడు ఏమైనా తవ్వాడా ఇవాళ" అని మాత్రం అడుగుతారు. ఆవిడది ఒరిస్సా బోర్డరు ఊరు, ఒరియా బాగా వచ్చు. మొదట్లో ఆ మనుషుల మాటలు విని "ఇది ఒరియా అయితే కాదు, మరి ఏ భాషే తల్లీ" అని పట్టుకున్నారు. అది ఏ భాషా కాదు, ఆట కోసమే అల్లిన సిమ్లిష్ అని చెప్తే ఓ పూట నమ్మలేదు.

టైమ్ లిమిట్ ఉన్న క్వెస్టులు వస్తుంటాయి. ఇన్ని రోజుల్లో పూర్తి చేస్తే ఫలానా ఇల్లు, ఫలానా బట్టలు బహుమతి అంటాయి. పక్కన గడియారం తిరుగుతూ ఉంటుంది. అందరూ చేయి జారేది ఇక్కడే. నాకు తెలిసిన వాళ్లలో డబ్బు పెట్టినవాళ్లు ముప్పాతిక మంది ఇలాంటి క్వెస్టు ఆఖరి రోజునే పెట్టారు. సగం దూరం వచ్చేశాం, ఇప్పుడు వదిలేస్తే పడ్డ శ్రమంతా వృథా అనిపిస్తుంది. మొదటి రోజే లెక్క వేసుకో: ఎన్ని మెట్లున్నాయి, ఒక్కోదానికి ఎన్ని గంటలు, నీకు రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చూసే వీలుంది. కుదరదనిపిస్తే మొదటి రోజే టైమ్ సంగతి వదిలేసి నిదానంగా చేసుకో. బహుమతి రాకపోయినా ఊరు ఎక్కడికీ పోదు. సెమిస్టర్ పరీక్షల వారంలో నేనైతే వాటి జోలికే వెళ్లను. నెలాఖరు లెక్కలప్పుడు నాదీ అదే పద్ధతి.

ఊరు పోదు అన్నాను గానీ, ఒకసారి నాకు పోయింది. 2017లో ఫోన్ డిస్‌ప్లే పగిలితే కాశీబుగ్గలో రిపేరుకిచ్చాను. ఆ అబ్బాయి నన్ను అడక్కుండా మొత్తం రీసెట్ కొట్టి ఇచ్చాడు. రెండేళ్ల ఊరు. ఆట తెరిస్తే "స్వాగతం, మీ మొదటి ఇల్లు కట్టండి" అంటోంది. షాపు ముందే నిలబడి ఏడుపు ఆపుకున్నాను. ఆ అబ్బాయికి నేనేం పోగొట్టుకున్నానో చెప్పడానికి సిగ్గేసి "ఫోటోలు పోయాయి" అన్నాను. నీకు ఆ గతి పట్టకూడదు. సెట్టింగ్స్‌లో ఊరిని క్లౌడ్‌లో దాచుకునే ఏర్పాటు ఉంది. వారానికోసారి, ఫోన్ రిపేరుకిచ్చే ముందు, ఆట అప్‌డేట్ చేసే ముందు అక్కడ సేవ్ అయిందో లేదో నీ కళ్లతో చూసుకో.

వదిలేసి వెళ్తే మనుషులు చచ్చిపోతారేమో అని రాశావు. ఆ భయం వద్దు. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస పక్కనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు పడుకుండిపోయాయి. మా వీధికి కరెంటు తొమ్మిది రోజులకి వచ్చింది. జనరేటర్ పెట్టినచోట డబ్బులిచ్చి ఫోన్ చార్జింగ్ పెట్టించుకునేవాళ్లం, అదీ బయటి ఊళ్లలో మనవాళ్లకి బాగున్నాం అని చెప్పడానికే. ఆట ఎవరికి గుర్తుంటుంది. పదిహేను రోజుల తర్వాత ఒకరాత్రి తెరిచాను. అందరూ నేను వదిలిన చోటే ఉన్నారు. ఆరు అవసరాలూ ఎర్రగా, ఒక్కొక్కరూ చేతులూపుతూ నన్ను పిలుస్తున్నారు. ఒక్కడూ చావలేదు. ఈ ఆటలో ఆకలితో ఎవరూ చావరు, ముసలితనంతో చావడం కూడా చాలా క్వెస్టులు పూర్తి చేశాకే మొదలవుతుంది. బయట ఇంటి పెంకులు ఎగిరిపోయి టార్పాలిన్ కప్పుకుని ఉన్నాం. ఆట లోపల వాళ్లకి అన్నం పెట్టడానికి నాకు పది నిమిషాలు పట్టింది. అప్పుడు ఎందుకో చాలా హాయిగా అనిపించింది, అది మాత్రం నిజం.

అన్నట్టు, అసలు ఈ ఆటల పుట్టుక కూడా ఓ విపత్తులోనే ఉంది. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండల్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. విల్ రైట్ అనే గేమ్ డిజైనర్ ఇల్లు అందులో కాలిపోయింది. ఇల్లు మళ్లీ కట్టుకుంటూ, ఒక్కో సామానూ మళ్లీ కొనుక్కుంటూ, మనిషికి నిజంగా ఏవేం కావాలి అన్న ఆలోచనలోంచి ఈ ఆట పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. కంప్యూటర్ మీద ది సిమ్స్ 2000లో వచ్చింది. ఫోన్‌కి వచ్చిన మన ఫ్రీప్లే 2011 డిసెంబర్‌లో ముందు ఐఫోన్‌లో, తర్వాతి ఏడాది ఆండ్రాయిడ్‌లో. ఆ ఆరు అవసరాలూ తీరాలంటే ముందు కొనాల్సినవి మంచం, షవర్ అని ఊరికే అనలేదు నేను.

మోడ్ ఫైలు వద్దు. రూమ్మేట్ మంచిదే కావచ్చు, ఆ ఫైలు ఎవడు తయారుచేశాడో ఆమెకీ తెలీదు. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చిన ఫైలుని ఇన్‌స్టాల్ చేయాలంటే ఫోన్‌లో ఒక తలుపు తెరవాలి. అదే ఫోన్‌లో నీ యూపీఐ ఉంది, బ్యాంకు ఓటీపీలు వచ్చేదీ అదే సిమ్. పైగా అకౌంట్ బ్లాక్ అయితే నెల రోజుల ఊరూ గోవిందా. ఇవన్నీ పక్కనపెట్టినా, అంతులేని డబ్బుతో ఆడినవాళ్లు రెండు రోజుల్లో ఆట తీసేయడం నేను చూశాను, మా పెద్దమ్మాయే చేసింది. అన్నీ కొనేసింది, "ఇప్పుడేం చెయ్యాలమ్మా" అంది. ఫోన్ గడియారం ముందుకు తిప్పే చిట్కా కూడా ఎవరో ఒకరు చెప్తారు. నేనూ తొలి రోజుల్లో ప్రయత్నించాను. తిప్పి మళ్లీ వెనక్కి పెట్టాక పనులన్నీ రోజుల తరబడి బిగుసుకుపోయి కూర్చున్నాయి. అలారం కూడా తప్పి, ఆ రోజు ఆఫీసుకి గంట లేటు.

నాన్నగారి డబ్బు సంగతి. గూగుల్ ప్లేలో పొరపాటున కొన్నది 48 గంటల్లోపు రీఫండ్ అడగొచ్చు. నీది ఆ గడువు దాటిపోయినట్టుంది, పోనీ. ఇకమీదట ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ గానీ వేలిముద్ర గానీ అడిగేలా పెట్టు. కార్డు వివరాలు తీసెయ్యి. ఇది నిన్ను నమ్మక కాదు, రాత్రి పన్నెండింటికి క్వెస్టు గడియారం తిరుగుతున్నప్పుడు ఎవర్నీ నమ్మలేం. నేను నా ఫోన్‌లో అదే పెట్టుకున్నాను, ఆ పాస్‌వర్డ్ మా ఆయనకి తెలుసు, నాకు తెలీదు.

నాన్నగారు చెప్పిన బ్యాన్ మాట నిజమే, కాకపోతే అది వేరే ఆటల గురించి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు కట్టి డబ్బు గెలుస్తామనే ఆశతో ఆడే ఆటల్ని. రమ్మీ, బెట్టింగు లాంటివి. ఇందులో నువ్వు సిమోలియన్లు ఎన్ని సంపాదించినా ఒక్క రూపాయి బయటికి రాదు. నాన్నగారికి ఆ ముక్క చెప్పు: "ఇందులో గెలిచేది ఏమీ లేదు నాన్నా" అని. మా మామగారికి అలాగే చెప్పా. "అయితే మరెందుకు ఆడటం" అన్నారు, అది వేరే సంగతి.

డబ్బు పెట్టకూడదు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇవి ఎప్పటికీ ఉండేవి కావు. 2017లో వచ్చిన యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్ ఉచిత ఆటని 2024 నవంబర్‌లో ఆపేశారు. 2018లో వచ్చిన సిమ్స్ మొబైల్‌కి 2026 జనవరి 20 ఆఖరి రోజు. అందులో ఏళ్ల తరబడి కొనుక్కున్న ఇళ్లూ బట్టలూ సర్వర్ ఆగిన రోజుతో సరి. ఫ్రీప్లే కూడా నెట్ లేకపోతే తెరుచుకోదు. నేను నా ఊరి ఫోటోలు స్క్రీన్‌షాట్లు తీసి దాచుకుంటాను, ఏ రోజుకారోజు ఇది అద్దె ఇల్లే అనుకుంటాను.

హాస్టల్లో సిగ్నల్ సరిగా రాదని కూడా అన్నావు. అలాంటప్పుడు బిట్‌లైఫ్ అనే ఇంకో ఆట చూడు. అందులో బొమ్మలు పెద్దగా ఉండవు, అంతా చదువుకునేదే. పుడతావు, బటన్ నొక్కితే ఏడాది పెరుగుతావు, మధ్యలో చదువు, ఉద్యోగం, పెళ్లి, తగాదాలు. ఆరోగ్యం, సంతోషం, తెలివి, అందం అని నాలుగు గీతలుంటాయి. ఇండియాలో కూడా పుట్టొచ్చు. మన ప్యాసింజర్‌లో విజయనగరం నుంచి పలాస వచ్చేలోపు రెండు మూడు జీవితాలు అయిపోతాయి. యాడ్లు ఎక్కువ, నెట్ ఆపేస్తే తగ్గుతాయి. కాకపోతే తాగుడు, నేరాలు, అన్నీ ఉంటాయి అందులో, చిన్నపిల్లల చేతికివ్వకు. నా మట్టుకు నాకు అది పకోడీల్లాంటిది, అప్పటికి బాగుంటుంది. ఫ్రీప్లేలాగా రోజూ వెళ్లి చూసుకోవాలనిపించదు.

ముందు ఆ పియానో అమ్మి మంచం మార్చు. ఇవాళ రాత్రి ముగ్గుర్నీ ఆరు అవసరాలూ నింపి పడుకోబెట్టు, రేపు పొద్దున కాలేజీకి వెళ్తూ పనికి పంపు, తోటలో ఎక్కువ గంటల మొక్క వెయ్యి. మధ్యలో తెరవకు. శనివారం ఎన్ని సిమోలియన్లు ఉన్నాయో ఇక్కడే రాయి, మూడో ఇల్లు ఎప్పుడు మొదలుపెట్టొచ్చో కలిసి లెక్కేద్దాం. కుక్కకి ఏం పేరు పెట్టావో కూడా రాయి, మా అత్తగారు అడుగుతారు.